నలుగురం కూర్చుని నేర్చుకునే ఫ్రెంచి
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఫ్రెంచి భాష అనగానే మనలో చాలామంది, అదేదో పారిస్ నగరంలో సెంటు రాసుకు తిరిగే దొరసానుల భాష, దానికీ మనకీ ఏమిటి సంబంధం అనుకుంటాం. ఒక్కసారి మీ బీరువా తెరిచి చూడండి. ఆ బీరువా అన్న మాటే ఫ్రెంచివారి ‘బ్యూరో’ మన నోట పడి మారిన రూపం. లోపల జార్జెట్ చీర వుందా? జార్జెట్ అనే ఆవిడ ఫ్రాన్సులో బట్టలు కుట్టే మనిషి. ఆవిడ పేరే ఆ గుడ్డకి వచ్చింది. షిఫాన్ అంటే వాళ్ళ భాషలో పాతగుడ్డ పేలిక. వేలు పోసి కొనుక్కున్న చీరని పేలిక అంటున్నానని కోపం తెచ్చుకోకండి! వాయిల్ అంటే మేలిముసుగు. జాకెట్టు అన్నా, బ్లౌజు అన్నా రెండూ అక్కడి మాటలే. క్రోషా అంటే చిన్న కొక్కెం. దుప్పటి మీద గుడ్డ పువ్వులు అతికి కుట్టే అప్లిక్ పని వుంది చూశారూ, ఆ మాటకి అర్థం ‘అతికించినది’ అని. ఇవన్నీ ఇంగ్లీషువాళ్ళ చేతుల మీదుగా మన ఇళ్ళలోకి వచ్చాయి గనక ఇంగ్లీషే అనుకున్నాం, అంతే.

మన నేలకి ఫ్రెంచివాళ్ళు కొత్తవాళ్ళేమీ కారు. బొబ్బిలి యుద్ధం బుర్రకథ విన్నవారికి బుస్సీ దొర పేరు తెలుసు. అది 1757 నాటి మాట. ఆ రోజుల్లోనే మన కొండవీటి సీమ కూడా కొన్నాళ్ళు వాళ్ళ ఏలుబడిలో వుండింది. ఇక గోదావరి ఒడ్డున యానాం అయితే 1954 దాకా వాళ్ళదే. యానాం గురించి మన అమ్మమ్మలు వేరే కారణంగా చెప్పుకునేవారు. చిన్నపిల్లల పెళ్ళిళ్ళు కూడదని శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చాక, ఆ చట్టం వర్తించేది బ్రిటిషు సీమలోనే గనక, చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు ఆడపిల్లల్ని బళ్ళలో ఎక్కించుకుని యానాం పోయి తాళి కట్టించేసేవారు. ఫ్రెంచి జెండా నీడ మన ఆడపిల్లలకి అలా కూడా తగిలింది.

సరే, పాత కథలు అటుంచి, ఇవాళ ఆ భాష మనకెందుకు? రెండు దారుల్లో అది మన ఇళ్ళకి వస్తున్నది. ఒకటి, పిల్లల చదువు. ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకునే వీలుంది. మార్కులు బాగా వస్తాయని కొందరు తీసుకుంటారు. రెండేళ్ళు చదివి తొంభై పైన మార్కులు తెచ్చుకున్న పిల్లని ‘మంచినీళ్ళు కావాలి అని ఫ్రెంచిలో అను’ అంటే బిక్కమొహం వేస్తుంది. తప్పు పిల్లది కాదు. అరవైమంది వున్న క్లాసులో గంట పాఠం చెబితే, మేష్టారు తను నోరు విప్పకుండా పిల్లలచేతే మాట్లాడించినా ఒక్కొక్కరికి ఒక్క నిమిషం వస్తుంది. అదే ఆరుగురు కూర్చుంటే తలకి పది నిమిషాలు. చిన్న గుంపు గొప్పతనం ఇంతకంటే వివరించనక్కరలేదు.

రెండో దారి కెనడా. అక్కడ క్విబెక్ అనే రాష్ట్రంలో, మాంట్రియల్ నగరం వున్నచోట, జనం మాట్లాడేది ఫ్రెంచి. 1977లో వాళ్ళు ఒక చట్టం చేసుకున్నారు. బయటినుంచి వచ్చి స్థిరపడినవారి పిల్లలు సర్కారు బడిలో ఫ్రెంచి మీడియంలోనే చదవాలి. మన పిల్లలు ఉద్యోగాలకని అక్కడికి వెళ్ళి కాపురాలు పెడుతున్నారు. వాళ్ళ పిల్లలు మూడు భాషల మధ్య పెరుగుతున్నారు. పురిటికని, పిల్లల్ని చూసుకోవడానికని వెళ్ళిన అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇంట్లో తెలుగుతో బాగానే నెట్టుకొస్తారు. బడి సంచీ విప్పేసరికి వస్తుంది చిక్కు.

మా గుంపు పుట్టింది ఆ చిక్కులోనుంచే. మా బజారులో మాచర్లనుంచి వచ్చి కొడుకు దగ్గర వుంటున్న ఒక పెద్దావిడ వున్నారు. అందరం పిన్నిగారు అంటాం. ఆవిడ కూతురు మాంట్రియల్‌లో వుంది. కిందటిసారి పిన్నిగారు వెళ్ళినప్పుడు అయిదేళ్ళ మనుమడు బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి ఒళ్ళో కూర్చుని చదవమన్నాడట. ఆవిడ బొమ్మలు చూపించి తెలుగులో ఏదో కథ అల్లి చెప్పబోతే, వాడు రెండు పేజీలు విని, ‘నీకు రాదులే అమ్మమ్మా’ అని పుస్తకం మూసుకుని వెళ్ళిపోయాడట. వాడు మామూలుగానే అన్నాడు పాపం. ఆవిడకి మాత్రం అది ఆర్నెల్లయినా మానలేదు.

నరసరావుపేటలో ఫ్రెంచి చెప్పేదెవరు అనుకున్నాం. దేవుడు పంపినట్టు, మా వీధికే కాపురానికి వచ్చిన ఒక అమ్మాయి పెళ్ళికి ముందు హైదరాబాదులో నేర్చుకుందని తెలిసింది. అత్తగారి అనుమతి మేమే అడిగి తెచ్చాం. ఆరుగురం చేరాం: పిన్నిగారు, నేను, ఇంటరు పిల్లలున్న తల్లులిద్దరు, బ్యాంకులో చేసి రిటైరైన ఒకావిడ, బి.ఎస్సీ. ప్యాసై ఇంట్లో కూర్చున్న ఒక కోడలమ్మాయి. వారానికి రెండు మధ్యాహ్నాలు, రెండునుంచి మూడున్నర దాకా. అమ్మాయి డబ్బు వద్దంది. మేం ఊరుకోలేదు. కుట్టుపని నేర్పితే ఫీజిస్తాం, భాష నేర్పితే ఎందుకివ్వం? ఇరుగుపొరుగు మొహమాటంతో ఆడపిల్ల చదువుని ఉచితంగా వాడుకోవడం నాకు గిట్టని పని.

మొదటి నెలంతా పుస్తకం లేదు. ఉత్త చెవీ, నోరూ, అద్దం. ఇక్కడ మీకొక సంతోషకరమైన సంగతి చెప్పాలి. ఫ్రెంచి పలుకుకి ఇంగ్లీషు అక్షరాలకంటే మన తెలుగు అక్షరాలే ఎక్కువ సాయం చేస్తాయి. మనం బడిలో అరసున్న అని నేర్చుకున్నాం, గుర్తుందా? ఇప్పటి పిల్లల పుస్తకాల్లో అది కనపడదు. ఫ్రెంచిలో ఆ అరసున్న నిక్షేపంగా బతికి వుంది. ‘బోఁ’ అంటే మంచి. ‘పాఁ’ అంటే రొట్టె. ‘ఆఁఫాఁ’ అంటే చిన్నబిడ్డ. చివర పెదవులు మూయకూడదు, నాలుక అంగిటికి తగలకూడదు, గాలి సగం ముక్కులోంచి పోవాలి. పిన్నిగారికి ఇది మాకంటే ముందు పట్టుబడింది.

ఇంకొకటి మన భాషలో లేని శబ్దం. ‘ఈ’ అనండి. నాలుకని కదపకుండా అక్కడే వుంచి, పెదవులు మాత్రం ‘ఊ’ అనబోయినట్టు గుండ్రంగా చుట్టండి. వచ్చిందా? అదే. అద్దం ముందు చేస్తే నవ్వొస్తుంది గాని, చెయ్యకపోతే రాదు. ‘ర’ అక్షరం నాలుక కొసతో కాదు, కొండనాలుక దగ్గర గరగరమంటుంది. గొంతు నొప్పికి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాం చూడండి, ఆ చోటన్నమాట.

రాసిన అక్షరాలన్నీ వాళ్ళు పలకరు. పారిస్‌ని ‘పారీ’ అంటారు. కాని ఆ మూగ అక్షరం పక్కన అచ్చుతో మొదలయ్యే మాట వస్తే హఠాత్తుగా ప్రాణం పోసుకుంటుంది. ‘లే’ అనే చిన్నమాట తర్వాత ‘ఆమీ’ వస్తే, అంటే స్నేహితులు అనాలంటే, ‘లేజామీ’ అవుతుంది. ఒక్క స్నేహితుడైతే ‘లె’, ‘ఆమీ’ కలిసి ‘లామీ’. ముందున్న అచ్చు ఎగిరిపోయింది. ఇదేమిటి, మన సంధి కాదూ? ‘రాముడు’, ‘ఇతడు’ కలిసి ‘రాముడితడు’ అయినట్టే. స్కూలు ఫైనలుతో ఆగిపోయిన నాకు ఆనాటి సంధి సూత్రాలు ఇన్నేళ్ళ తర్వాత ఫ్రెంచి క్లాసులో అక్కరకి వస్తాయని ఎవరనుకున్నారు!

మర్యాదలో కూడా మనకీ వాళ్ళకీ చుట్టరికం వుంది. ఇంగ్లీషులో కుక్కపిల్లనీ, కలెక్టరుగారినీ ఒకే మాటతో పిలవాలి. ఫ్రెంచిలో మనలాగే రెండున్నాయి. ‘త్యూ’ అంటే నువ్వు, ‘వూ’ అంటే మీరు. దేవుణ్ణి వాళ్ళూ ‘నువ్వు’ అనే పిలుస్తారు. అత్తగారిని ‘మీరు’ అనే కోడళ్ళు అక్కడా వున్నారు. మా టీచరమ్మాయి వయసులో అందరికంటే చిన్నది. మేము తనని ‘వూ’ అనాలా, ‘త్యూ’ అనాలా అని ఒక గంట తర్కం జరిగింది. తెలుగులో ‘అమ్మాయ్, నువ్వు’, ఫ్రెంచిలో ‘వూ’ అని తీర్మానించాం. క్లాసులో తను గురువు కదా.

కష్టపెట్టేది లింగాలు. బల్ల ఆడది, పుస్తకం మగది. ఎందుకని అడక్కండి, జవాబు లేదు. అందుకని మేము చీటీల పద్ధతి పెట్టుకున్నాం. ఆడ మాటలు ఎర్ర కాగితం మీద, మగ మాటలు నీలం కాగితం మీద రాసి ఇంట్లో వస్తువులకి అంటించాం. నెల తిరిగేసరికి ‘లా తాబ్ల్’ అనగానే బల్ల ఎర్రగా కళ్ళలో మెదిలేది. అంకెలు ఇంకో తమాషా. డెబ్భై అనడానికి ‘అరవైపది’ అంటారు. ఎనభైకి ‘నాలుగిరవైలు’. తొంభైతొమ్మిది అంటే ‘నాలుగిరవైలూ పందొమ్మిది’! పుంజీల లెక్కన గవ్వలు లెక్కపెట్టుకున్న పిన్నిగారు, ‘ఇందులో వింతేముంది, మా రోజుల్లో ఇలాగే లెక్కించేవాళ్ళం’ అనేశారు.

ఇప్పుడు అసలు విషయం. వ్యాకరణం నోటికొచ్చినా మాట రాదు. చేతులకి పని పెడితే వస్తుంది. ఇది నా అభిప్రాయం, అనుభవం కూడా. కూరల బజారు ఆట ఆడండి. బల్ల మీద నిజం కూరలే పెట్టి ఒకరు అమ్మాలి, ఒకరు బేరం ఆడాలి. ‘సె కోఁబ్యాఁ?’ అంటే ‘ఎంత?’ అని. మన ఆడవాళ్ళకి బేరం ఆడమంటే సిగ్గు వుండదు గనక, బిడియస్తులు కూడా మొదటిరోజే నోరు విప్పారు. వంకాయని ‘ఒబెర్జీన్’ అంటారు. ఆ మాట అరబ్బీ, పారశీకాల మీదుగా మన దేశంనుంచే అక్కడికి పోయిందని పండితులు చెబుతారు. మన వంకాయ ఎంత దూరం నడిచి ఎలాంటి పేరు పెట్టుకుందో చూడండి.

ముగ్గు ఆట అందరికీ నచ్చింది. ఒకరి దగ్గర ముగ్గు గీసిన కాగితం వుంటుంది. రెండోవారికి చుక్కలు పెట్టిన ఖాళీ కాగితం. మొదటివారు చూపించకుండా ఫ్రెంచిలో చెప్పుకుపోవాలి: కుడికి, ఎడమకి, పైకి, కిందికి, రెండు చుక్కలు దాటి మళ్ళీ ఎడమకి. ‘ఆ ద్రువాత్’ కుడివైపు, ‘ఆ గోష్’ ఎడమవైపు. చివర రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఒకటి పద్మం, ఒకటి పీతలాగా వుండేది. నవ్వి నవ్వి కుడిఎడమలు అందరికీ స్థిరపడిపోయాయి.

చుట్టరికాల పటం వేసినరోజు క్లాసు చాలాసేపు సాగింది. మనకి పెద్దమ్మ, పిన్ని, మేనత్త, అత్తయ్య విడివిడిగా వుంటే వాళ్ళందరికీ కలిపి ఒక్కటే మాట, ‘తాఁత్’. అత్తగారికి మాత్రం మంచి పేరుంది: ‘బెల్ మేర్’, విడదీస్తే ‘అందమైన తల్లి’. కోడలు ‘బెల్ ఫీయ్’, ‘అందమైన కూతురు’. సవతితల్లికి కూడా అదే ‘బెల్ మేర్’ అని టీచరమ్మాయి తర్వాత చెప్పింది. అప్పటికే ఇంటికెళ్ళి అత్తగారికి ఆ బిరుదు ఇచ్చేసినవాళ్ళున్నారు!

ఫ్రాన్సులో ఫిబ్రవరి 2న ఒక పండుగ వస్తుంది. ఆరోజు ఇంటింటా అట్లు పోస్తారు. గోధుమపిండి, పాలు, గుడ్డు కలిపి పలచగా పోసే ఆ అట్టుని ‘క్రెప్’ అంటారు. ఒక చేతిలో నాణెం పట్టుకుని రెండో చేత్తో పెనం ఎగరేసి అట్టు తిరగేస్తే ఏడాదంతా డబ్బుకి లోటుండదని నమ్మకం. మన అట్లతద్దికి దూరపు చెల్లెలు అనుకోండి. మేం గుడ్డు తినేవారికి, తిననివారికి వేరువేరుగా రెండు గిన్నెల పిండి కలిపి పోశాం. కలుపు, పొయ్యి, తిరగెయ్యి, తీసెయ్యి, తిను – క్రియలన్నీ ఆ ఒక్క మధ్యాహ్నం వచ్చేశాయి. మన పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడులాగా ఒకే చాప మీద అందరం కూర్చుని తిన్నాం.

పల్నాడు అన్నాను గనక, మా నాటిక సంగతి చెప్పాలి. పాఠ్యపుస్తకాల్లో వుండేవి పారిస్ వీధులు, మెట్రో రైళ్ళు. మనం చూడని వాటిగురించి మాట్లాడమంటే మాటెక్కడినుంచి వస్తుంది? అందుకని మేం మన కోడిపందెం కథ ఎత్తుకున్నాం. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, పందెం, ఓడినవాళ్ళు మాచర్ల విడిచి ఏడేళ్ళు వలస పోవడం. మొత్తం ఇరవై చిన్న వాక్యాలు. కోడిపుంజు ఫ్రెంచివారికి జాతి గుర్తు, వాళ్ళ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ చొక్కాల మీద కూడా వుంటుంది. పేరు ‘కాక్’. అది కూసేది ‘కొకొరికొ’ అని. మన ‘కొక్కొరొకో’కి ఎంత దగ్గరో!

నాగమ్మ మంత్రి కదా, మంత్రికి ఫ్రెంచి మాట ‘మినిస్త్ర్’. అది మగ మాట. ముందు ‘లె’ పెట్టాలా, ‘లా’ పెట్టాలా? ఈ పేచీ మాకే కాదు, వాళ్ళకీ వచ్చింది. 1990ల చివర మంత్రులైన ఆడవాళ్ళు మమ్మల్ని ‘లా’ అనే అనాలని పట్టుబట్టారు. అక్కడి భాషా అకాడెమీ పెద్దలు ససేమిరా అన్నారు. పదవుల పేర్లకి ఆడ రూపాలు వాడవచ్చని ఆ అకాడెమీ ఒప్పుకున్నది 2019లో! మా నాగమ్మని మేము మొదటినుంచీ ‘లా మినిస్త్ర్’ అనే అన్నాం.

కొందరు అడిగారు, తెలుగే పిల్లలకి సరిగ్గా రావడం లేదు, పరాయి భాష మీద ఈ మోజేమిటని. అడగవలసిన మాటే. 1820ల చివర యానాంనుంచి కూలికి ఓడలెక్కి రీయూనియన్ దీవికి పోయినవారున్నారు. వారి మునిమనుమల నోట మిగిలింది ఫ్రెంచి కలిసిన క్రియోల్ భాష. మారిషస్‌లోనూ మనవాళ్ళ ఇళ్ళలో క్రియోలే వినిపిస్తుంది. కాని అక్కడ బడుల్లో తెలుగు పాఠం పెట్టించుకున్నారు, ఉగాదికి దేశమంతా సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. భాష నిలవడం, పోవడం పక్క భాష వల్ల కాదు, ఇంట్లో దాన్ని ఎవరు పట్టుకున్నారన్న దాన్నిబట్టి వుంటుంది. అటువైపునుంచి చూడండి. జీన్ రోగైర్ అనే అమెరికన్ తెలుగు నేర్చుకుని మన పల్నాడు వచ్చి, వీరగాథ పాడేవారి దగ్గర కూర్చుని, కథంతా పాటగా విని రాసుకున్నాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వారు దాన్ని పుస్తకంగా వేశారు. ఆయన ఇంగ్లీషేమీ మరిచిపోలేదు.

నేర్చుకోవాలనుకునేవారికి కొన్ని వివరాలు. 1883లో పారిస్‌లో పుట్టిన ఆలియాఁస్ ఫ్రాఁసేజ్ సంస్థ శాఖ హైదరాబాదులో వుంది. అక్కడే ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో కూడా ఫ్రెంచి చెబుతారు. ఊరు కదలలేనివారికి ఫోనులో, కంప్యూటరులో చిన్న గుంపులకి చెప్పేవారున్నారు. ఫీజు కట్టేముందు ఒక్క ప్రశ్న వెయ్యండి: క్లాసుకి ఎంతమంది? పది దాటితే ఆలోచించండి. మెట్లు ఆరు: ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2. మొదటి నాలుగు మెట్లకీ ‘దెల్ఫ్’ అనే పరీక్ష వుంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఒక్కొక్కదానికి 25 మార్కులు. మొత్తం మీద 50 రావాలి, దేంట్లోనూ 5కి తగ్గకూడదు. ఆ సర్టిఫికెట్టుకి గడువు లేదు. కెనడా వలసకి పరీక్షలు వేరు, టి.ఇ.ఎఫ్., టి.సి.ఎఫ్. అని. పిల్లలు ఏది రాయాలో ముందే కనుక్కుని మరీ డబ్బు కట్టాలి.

గైడు పుస్తకాలు మాత్రం మొదట్లో కొనకండి. మాటల కింద తెలుగు అక్షరాలు రాసుకోవడం కూడా మూడు నెలలకి ఆపెయ్యండి. ఆ తర్వాత అది ఊతకర్ర కాదు, సంకెల. మధ్యాహ్నం కునుకు పోతుందనేవారికి నేను చెప్పగలిగింది లేదు.

మాలో బ్యాంకు ఆవిడా, కోడలమ్మాయీ ఎ1 పరీక్షకి కడుతున్నారు. పిన్నిగారికి పరీక్ష అక్కర్లేదు. వచ్చేనెల ఆవిడ మాంట్రియల్ వెళ్తున్నారు. పెట్టెలో గోంగూర పచ్చడి సీసాల పక్కన ఎర్ర, నీలం చీటీల కట్ట చేరింది. మనుమడితో ఫోనులోనే ఒప్పందం కుదుర్చుకున్నారు. వాడు రోజుకొక పేజీ ఫ్రెంచిలో చదవాలి, అదే పేజీ ఆవిడ తెలుగులో చెబుతారు, మర్నాడు ఇద్దరూ భాషలు మార్చుకోవాలి. కోడిపందెం ఇరవై వాక్యాలూ ఆవిడకి కంఠతా వచ్చు. ఆ సంగతి మాత్రం వాడికి ముందుగా చెప్పొద్దని కూతురికి గట్టిగా చెప్పి పెట్టారు.